నలభై ఏళ్ల దుమ్ము

"ఈ భూమ్మీద కారును ఎవడైనా తయారు చేయగలడు. దుమ్మును తయారు చేయగలిగినవాడు కాలపురుషుడొక్కడే!"

ఈ మహావాక్యాన్ని ట్రెంట్ కార్మడీ ఇండియానాలో ఒక మొక్కజొన్న రైతు కొట్టంలో, ఒక కాలు ఎండుగడ్డి మీద, ఒక కాలు కోడిపెంట మీద పెట్టి ఉపదేశించాడు. ట్రెంట్ పాతకార్ల వేలం కంపెనీ మనిషి. ఉపదేశం విన్నవాళ్లు ముగ్గురు. కొట్టం యజమాని వెర్నన్ హూప్స్, అతని భార్య ఎర్లీన్, కారు బానెట్ మీద కూర్చున్న ఎర్రకోడి. ముగ్గురిలో కోడి ఒక్కటే ఏదో జవాబిచ్చింది.

కారు పేరు కొయోటీ 440. రెండే తలుపులు, ఆంబోతు రంకెలాంటి ఇంజను. పెళ్లికాని రోజుల్లో వెర్నన్ దాన్ని శనివారం సాయంత్రాలు ఊరి బయట తిన్నని రోడ్డు మీద పందేలకు తోలేవాడు. పెళ్లయింది, కవలలు పుట్టారు. వెనక సీట్లోకి పిల్లల్ని దించడానికి సర్కస్ చేయవలసి వచ్చింది. అప్పుడు కారును కొట్టంలో పెట్టాడు. దించిన అద్దాలు ఎత్తడం మరిచిపోయాడు. కోళ్లకు ఆ సంగతి తెలిసింది. నలభై ఏళ్లు గడిచాయి.

ట్రెంట్ తెల్లటి చేతితొడుగులు వేసుకున్నాడు. వేసుకుని, కారును ముట్టుకోలేదు. భూతద్దం పెట్టి డిక్కీ మీద దుమ్మును చూశాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఇది మురికి కాదమ్మగారూ. ఇది చరిత్ర."

"మా ఇంట్లో చరిత్రను నేను రోజూ ఊడుస్తాను నాయనా," అంది ఎర్లీన్. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఈ కొట్టం ఆయనది. ఇందులోకి నా చీపురు రాకూడదని మా పెళ్లినాడే ఒప్పందం. లేకపోతే ఇది ఇలా ఉండేదా?"

"ఆ ఒప్పందం మీకు రెండు లక్షల డాలర్లు సంపాదించి పెట్టింది," అన్నాడు ట్రెంట్. "కడిగి, రంగేసి, అద్దంలా మెరిపించిన కొయోటీలు దేశంలో బోలెడున్నాయి. లక్ష పలికితే గొప్ప. దుమ్ముతో ఉన్నది ఇదొక్కటే. మూడు లక్షలకు తగ్గదు."

వెర్నన్ చాలాసేపు ఆలోచించి, "ఊఁ" అన్నాడు. వెర్నన్ మాటలను విత్తనాల కింద లెక్కవేసుకునే మనిషి. ఊరికే చల్లడు.

"గురువారం వేలం పుస్తకానికి ఫోటోలు తీసేవాళ్లు వస్తారు. అంతదాకా ఎవరూ ఊదకండి, తుమ్మకండి," అని చెప్పి ట్రెంట్ మునివేళ్ల మీద నడుస్తూ వెళ్లిపోయాడు.

ఫోటోలు! ఆ మాట ఎర్లీన్ గుండెలో ముల్లులా దిగింది.

ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు శుభ్రానికి ప్రమాణం చేయవలసి వస్తే, బైబిలు తర్వాత ఎర్లీన్ వంటింటి గచ్చునే తలుచుకుంటారు. చర్చిలో ఆమె పక్క బల్లమీద కూర్చునే ఓపల్ డింజెస్, ఎర్లీన్ ఇంటికి ఎప్పుడు కాఫీకి వచ్చినా, ఎవరూ చూడకుండా తెల్ల చేతిరుమాలుతో అలమర పైభాగం తుడిచి చూసుకునేది. ఏళ్లతరబడి ఆ రుమాలు తెల్లగానే సంచిలోకి తిరిగి వెళ్లింది. ఎర్లీన్‌కు నగలు లేవు, చదువు లేదు. ఉన్నది ఆ రుమాలు తెలుపొక్కటే. ఇప్పుడు దేశమంతా తిరిగే పుస్తకంలో కోడిపెంటతో ఫోటో!

గురువారం తెల్లవారగానే వెర్నన్ పొలానికి వెళ్లాడు. ఎర్లీన్ బకెట్లు, సబ్బు, పీచు తీసుకుని కొట్టంలోకి నడిచింది. పెళ్లినాటి ఒప్పందం మధ్యాహ్నానికల్లా మురికినీళ్లలో కొట్టుకుపోయింది. దుమ్ము కింద నుంచి నారింజపండు రంగు కారు బయటపడింది. ఎర్లీన్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, పసిపిల్లకు తలంటిపోసిన తల్లిలా మురిసిపోయింది.

వెర్నన్ వచ్చాడు, చూశాడు. బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు.

"ఎర్లీనూ," అన్నాడు. అంతకంటే పెద్ద శోకం అతని నోట ఎవరూ వినలేదు.

తర్వాత ట్రెంట్ వచ్చాడు. అతని శోకానికి మాత్రం ఊరంతా వినపడే గొంతు ఉంది.

"రెండు లక్షల డాలర్లు కాలవలో పోశారు కదమ్మగారూ!"

"కాలవలో ఎందుకు పోస్తాను? గులాబీ పాదులకు పోశాను."

ట్రెంట్ కాసేపు గులాబీల వంక చూశాడు. ఆ తర్వాత ముక్కు చీదుకుని, కోటు సర్దుకుని, గొంతు తగ్గించాడు. కార్లను పూజించేవాడు పోయి, కంపెనీ మనిషి వచ్చాడు.

"ఇలాంటి దుర్ఘటనలు మాకు కొత్త కాదు. కంపెనీలో దీనికొక పద్ధతి ఉంది. పునర్ధూళీకరణ అంటాం."

"అంటే?"

"అంటే... కారుకు సంబంధించిన సహజ వాతావరణాన్ని కారుకు తిరిగి అప్పగించడం."

"దుమ్ము మళ్లీ పోయడమా?"

"అంత మోటుగా అనకండమ్మగారూ. చట్టప్రకారం దుమ్ము మీదే, కారు మీదే. మీ ఆస్తిని మీరు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుకుంటున్నారు. ఎవడికి అభ్యంతరం?"

ఎర్లీన్ ఒప్పుకోలేదు. వెర్నన్ ఆమె వంక చూశాడు. కొట్టం కప్పు వంక చూశాడు. కప్పు చిల్లుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. ఎర్లీన్ నిట్టూర్చింది.

"మా పేరు ఎక్కడా రాకూడదు."

"మీ పేరా? రానే రాదు! మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు ట్రెంట్.

అతను కొట్టం మూలల్లోంచి పొట్టు, బూడిద, ఎండిన మట్టి పోగుచేసి దోసిళ్లతో కారు మీద విసరడం మొదలుపెట్టాడు. ఒకచోట గడ్డ, ఒకచోట బోడి. గంగిరెద్దుకు బొంతలు కప్పినట్టుంది. ఎర్లీన్ కొంతసేపు ఓర్చుకుంది. అబద్ధాన్నయినా ఓర్చుకోవచ్చు గాని, చేతగాని పనిని ఎంతసేపని ఓర్చుకుంటుంది!

"తప్పుకో నాయనా. ఏ పనైనా శుభ్రంగా చేయాలి," అని ఆమె వంటింట్లోంచి పిండిజల్లెడ తెచ్చింది. కేకు మీద చక్కెరపొడి చల్లినట్టు, బానెట్ నుంచి డిక్కీ దాకా ఒకే మందాన జల్లించింది. ట్రెంట్ భూతద్దం తీసి చూశాడు. ఈసారి నిజంగానే కళ్లు చెమర్చాయి.

"పాతదానికంటే పాతగా ఉందమ్మగారూ!"

కోళ్లు మాత్రం మోసపోలేదు. సబ్బు వాసన పోలేదని ఒక్కటీ కారెక్కలేదు. ఎర్రకోడిని ఎత్తి బానెట్ మీద కూర్చోబెట్టి ఫోటో తీయవలసి వచ్చింది. ఫోటోలో దాని ముఖం చూస్తే ఆ సంగతి ఇప్పటికీ తెలుస్తుంది.

వేలం పుస్తకం అచ్చయి వచ్చింది. నిగనిగలాడే కాగితం, రెండు పేజీల నిండా కారు. కింద ఇలా ఉంది: "ఇండియానాకు చెందిన శ్రీమతి ఎర్లీన్ హూప్స్ గారి ఇంట నలభై ఏళ్లుగా చీపురు, గుడ్డ, నీరు ఎరుగని దుమ్ము. మనిషి చేయి పడలేదని కంపెనీ హామీ." ట్రెంట్ తల్లి ఆరోగ్యం ఎలా ఉందో తెలియదు.

ఆదివారం చర్చి భోజనాల దగ్గర ఓపల్ ఆ పుస్తకాన్ని చిక్కుడుకాయల వంటకం పక్కన తెరిచి పెట్టింది.

"ఎర్లీనూ! మీ ఇంట్లో కూడా దుమ్ముంటుందన్నమాట! నాకెంత ప్రాణం లేచొచ్చిందో తెలుసా? ఇన్నాళ్లూ నా ఇల్లే పాడనుకున్నా."

"అది కొట్టం, ఓపల్."

"ఇక్కడ 'ఇంట' అనుంది. అచ్చులో ఉంది మరి! మనిషి చేయి పడలేదట. నీ చేతులకేమైందే తల్లీ, కీళ్లనొప్పులా?"

బల్ల చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. జాలిగా నవ్వారు, అది ఇంకా ఘోరం. ఎర్లీన్ గరిటె కింద పెట్టింది. వేలానికి తనూ వెళ్తానని, అక్కడ నిజం చెప్పేస్తానని ఆ రాత్రి వెర్నన్‌తో అంది. వెర్నన్ "ఊఁ" అనలేదు, "ఉఁహూఁ" అనలేదు. కొట్టం కప్పు వైపు కూడా చూడలేదు.

జనవరిలో అరిజోనా ఎడారిలో వేలం. ఊరంత గుడారం, లోపల ఎర్ర తివాచీ. ఇండియానాలో కోళ్లు రెట్టలు వేసిన కారు చుట్టూ ముఖమల్ తాడు కట్టారు. పక్కనే బోర్డు: "తుమ్ము వచ్చినవారు దయచేసి బయటికి వెళ్లి తుమ్మవలెను." జనం వరుసలో నిలబడి దుమ్మును చూసి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పక్కన అద్దంలా మెరుస్తున్న కారు దగ్గర ఈగ కూడా లేదు.

వరుసలో అందరికంటే ముందున్నవాడు ల్యాండన్ ప్రూయిట్. టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో పళ్ల ఆసుపత్రులు పదిహేనో ఇరవయ్యో ఉన్న మనిషి. పంటి మీద మచ్చ మిగిలితే డబ్బు వాపసు అని రోడ్ల పక్కన బోర్డులు పెట్టి కోట్లు గడించాడు. ఆ కోట్లతో మట్టి కొనడానికి వచ్చాడు.

కారును వేదిక మీదికి తోశారు. ట్రెంట్ మైకు అందిస్తే ప్రూయిట్ నాలుగు మాటలు సెలవిచ్చాడు.

"నేను ఇలాంటివి చాలా చూశాను మిత్రులారా! మనిషి వేసిన దుమ్మును నేను గుడారం బయటి నుంచే పసిగడతాను. ఇది దేవుడు వేసిన దుమ్ము!"

చప్పట్లు మోగాయి. ఎర్లీన్ ఆదివారం గౌను సర్దుకుని వేదిక ఎక్కింది. ముసలామె కన్నీళ్లు పెట్టుకుంటుందని, కన్నీళ్లకు ధర పెరుగుతుందని ఆశపడి ట్రెంట్ ఆమెకు మైకు ఇచ్చాడు.

"అయ్యా, అమ్మా. నేను ఎర్లీన్ హూప్స్‌ని. ఈ కారును నేను సబ్బుపెట్టి కడిగాను. ఈ దుమ్మును నేనే పిండిజల్లెడతో చల్లాను. నా ఇంట్లో దుమ్ము లేదు. ఎప్పుడూ లేదు. కావాలంటే వచ్చి చూసుకోండి."

ట్రెంట్ ముఖంలో నెత్తురు లేదు.

అప్పుడు ప్రూయిట్ నవ్వాడు. తెల్లటి పళ్లన్నీ బయటపెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"జల్లెడతోనట! పిండిజల్లెడతోనట! ఆహా, పల్లెటూరి హాస్యమంటే ఇదీ!"

గుడారమంతా గొల్లుమంది. వేలంపాటగాడు ఆ నవ్వు ఆరకముందే అందుకున్నాడు. రెండున్నర, మూడు, మూడున్నర... పాట పాడేవాళ్లను కనిపెట్టే కంపెనీ టోపీలవాళ్లు వరుసల మధ్య గంతులేస్తూ కేకలు పెడుతున్నారు. ఎర్లీన్ మైకులో "నిజమయ్యా! ఒట్టు!" అన్నప్పుడల్లా ఇంకో పదివేలు పెరిగింది. నాలుగు లక్షల పదివేలకు ప్రూయిట్ పేరున సుత్తి పడింది.

ట్రెంట్ ఆమె చెవిలో మెల్లగా అన్నాడు: "అమ్మగారూ, మీరు అబద్ధం చెప్పి ఉంటే ఇంత వచ్చేది కాదు."

ఊరి పత్రిక ఆమె బొమ్మ వేసి 'దుమ్ము మహారాణి' అని రాసింది. ఓపల్ ఇప్పుడు చేతిరుమాలు తేవడం మానేసింది. "ఎందుకులే, అందరికీ తెలిసిందేగా," అంది. కొట్టానికి కొత్త రేకులు పడ్డాయి. ఎర్లీన్ మళ్లీ మళ్లీ గచ్చు కడిగింది. ఎవరూ చూడటానికి రాలేదు.

వేసవిలో ఫోను మోగింది. ఎర్లీన్ తీసింది.

"నేను ల్యాండన్ ప్రూయిట్‌ని అమ్మగారూ." గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. "పనిమనిషి కొత్తది. పాపం, మంచిదే. నేను ఊళ్లో లేనప్పుడు కారును... కడిగేసింది."

"మంచి పిల్ల," అంది ఎర్లీన్.

"వచ్చే జనవరికి అమ్ముదామనుకున్నాను. అమ్మగారూ... ఆ జల్లెడ ఇంకా ఉందా?"

"ఏ జల్లెడ? అది పల్లెటూరి హాస్యం కదా?"

అవతల ప్రూయిట్ దగ్గాడు.

"ఉంది నాయనా. వస్తాను. కాని ఒక్క షరతు. అదే గుడారంలో, అదే మైకులో నువ్వు చెప్పాలి. ఎర్లీన్ హూప్స్ నిజం చెప్పింది, ఆమె ఇంట్లో దుమ్ము లేదు, ఇది చేత్తో చల్లిన దుమ్ము అని."

"అలా చెబితే ఎవడు కొంటాడమ్మగారూ? నా దగ్గర ఇలాంటి దుమ్ముకార్లు ఇంకో ఆరున్నాయి. వాటి గతేం కాను?"

"అయితే కడిగిందాన్ని కడిగినట్టే ఉంచుకో. నారింజ రంగు బాగుంటుంది," అని ఆమె ఫోను పెట్టేసింది. ఆ రోజు ఆమె చాలాకాలం తర్వాత పాట పాడుతూ గిన్నెలు కడిగింది. బల్ల దగ్గర వెర్నన్ కాఫీ తాగుతూ అంతా విన్నాడు.

ఆకులు రాలే కాలంలో వెర్నన్ ఒక చిత్రమైన పని చేశాడు. పొలం గట్టు దాటడానికే వెనకాడే మనిషి, విత్తనాల ప్రదర్శన ఉందని టెక్సస్ వెళ్లాడు. నాలుగు రోజులకు అక్కడ పండే, అక్రోటుపప్పులాంటి పెకాన్ పలుకులు ఒక సంచెడుతో తిరిగొచ్చాడు. విత్తనాలు ఎలా ఉన్నాయంటే "ఊఁ" అన్నాడు.

క్రిస్మస్ ముందు కొత్త వేలం పుస్తకం టపాలో వచ్చింది. రెండు పేజీల నిండా మళ్లీ ఆ కారే. "నలభై ఒకటో ఏట అడుగుపెట్టిన దుమ్ము. కడిగానని, జల్లెడ పట్టానని చమత్కరించి అందరినీ నవ్వించిన సుప్రసిద్ధ ఎర్లీన్ హూప్స్ గారి ఇంటిది. మనిషి చేయి పడలేదని కంపెనీ హామీ. అంచనా ధర అయిదున్నర లక్షలు."

ఎర్లీన్ కళ్లజోడు తుడుచుకుని ఫోటోను దగ్గరగా చూసింది. లేచి వంటింటి గోడ చూసింది. జల్లెడ ఎప్పుడూ వేలాడే మేకుకు కాక, పక్క మేకుకు, బోర్లా వేలాడుతోంది. ఆ ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒక్కడే.

ఆమె పుస్తకం తెచ్చి భర్త కాఫీకప్పు పక్కన పెట్టింది.

"ఎడమ తలుపు మీద గడ్డలు కట్టింది, వెర్నన్."

వెర్నన్ కాఫీ మింగాడు. కిటికీలోంచి కొట్టం కొత్త రేకుల వైపు చూశాడు.

"టెక్సస్‌లో గాలెక్కువ," అన్నాడు.

ఎర్లీన్ జల్లెడను తీసి, వేడినీళ్లతో కడిగి, తుడిచి, దాని మేకుకు దాన్ని తగిలించింది.

"ఈసారి పిలుపొస్తే నన్ను తీసుకెళ్లు. పుస్తకంలో నా పేరుంది. ఇలాంటి పని చూసి జనం నేను చేశాననుకుంటే పరువు పోతుంది."