రంగు మారని నీళ్లు

అక్టోబరు రెండో శనివారం. మాంట్రియల్ శివారులో కాపురముండే రేజాన్ గారు పొద్దున కాఫీ తాగుతూ ఆ రోజు పని ఖాయం చేసుకున్నారు. పదింటికల్లా పెరట్లోని ఈతకొలనుకు శీతాకాలపు పట్టా కప్పేయడం, ఆ తర్వాత భార్య జిస్లేన్‌తో ఆపిల్ తోటకు వెళ్లడం. పోయినేడు క్లోరిన్ చాలకుండానే కప్పేశారు. మే నెలలో పట్టా తీస్తే నీళ్లు పచ్చి బఠానీల సూపులా ఉన్నాయి. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. తప్పు నీదంటే నీదని భార్యాభర్తలు వేసవంతా వాదించుకున్నారు.

అందుకే ఈసారి పరీక్ష చేయందే కప్పేది లేదనుకున్నారు. చిన్న గొట్టంలో కొలను నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేశారు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. రాలేదు. ఒక పొట్లం క్లోరిన్ పొడి చల్లి, గంటసేపు మోటారు తిప్పి మళ్లీ చూశారు. రంగు లేదు. ఇంకో రెండు పొట్లాలు చల్లారు.

కంచె అవతల నుంచి లూడ్జర్ గారు ఇదంతా గమనిస్తున్నారు. కస్టమ్స్‌లో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన ఆయనకు తెలియని విషయమంటూ లేదు.

"ఏమోయ్ రేజాన్, నీ నీళ్లకు ఆకలి ఎక్కువోయ్. ఎంత వేసినా మింగేస్తున్నాయి. పొట్లాలతో ఏమవుతుంది?" అంటూ తన గరాజ్‌లోంచి పెద్ద డబ్బా నిండా ద్రవ క్లోరిన్ తెచ్చి, అడక్కుండానే పోసేశారు. మళ్లీ పరీక్ష చేశారు. అప్పుడూ రంగు రాలేదు. తాను అన్నది నిజమైనందుకు సంతోషించి, ఆయన రెండో డబ్బా తెచ్చారు.

మధ్యాహ్నానికి ఘాటు వీధి చివరిదాకా పాకింది. ఎవరో గ్యాస్ లీకైందనుకుని ఫోన్ చేస్తే అగ్నిమాపక బండి వచ్చింది. కెప్టెన్ మరీజ్ దిగగానే లూడ్జర్ గారు ఎదురెళ్లారు.

"ఇందులో క్లోరిన్ చుక్క కూడా లేదమ్మా" అని రుజువు కోసం, తాను అప్పుడే పోసిన చోట మోచేతిదాకా చెయ్యి ముంచారు. ఆమె వివరాలు రాసుకునేలోగా ఆయన నీలం కోటు చెయ్యి గోధుమరంగుకు తిరిగింది.

మరీజ్ గ్లాసెడు కుళాయి నీళ్లలో చెంచాడు కొలను నీళ్లు కలిపి మందు వేసింది. బీట్‌రూట్ రసంలా అయిపోయింది.

"క్లోరిన్ లేక కాదండీ రంగు రానిది. మరీ ఎక్కువైతే ఆ రంగుని కూడా అదే తినేస్తుంది. అసలు మొదట్లో ఎంత వేశారు?"

రేజాన్ ఒక్క పొట్లమే అన్నారు. వెనక నుంచి జిస్లేన్ గొంతు సవరించుకుంది.

"ఏవండీ, మీరు లేవకముందే నేను ఆరు వేశాను. మిమ్మల్ని నమ్ముకుంటే మళ్లీ నలుగురిలో నవ్వులపాలవుతామని."

"పొద్దుట్నుంచీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నావుగా. చెప్పొచ్చుగా?"

"చెబితే పోట్లాట. చెప్పకపోతే ఆపిల్ తోట అనుకున్నాను."

క్లోరిన్ దిగకముందే కప్పితే కొత్త పట్టా పాడవుతుందని చెప్పి మరీజ్ వెళ్లిపోయింది. చలిలో అదెక్కడ దిగుతుంది? మూడు వారాలపాటు రేజాన్ కొలనులో రాలిన మేపుల్ ఆకులు ఏరుతూనే ఉన్నారు. ఆయన కళ్ల ముందే కొలను అడుగున ఉన్న నీలిరంగంతా తెల్లబడింది.

ఆ గొడవ విన్న ఊరి లైబ్రరీ వాళ్లు, శీతాకాలానికి కొలను మూసే పద్ధతి మీద ఉపన్యాసం పెట్టించారు. అనుభవజ్ఞులు కావాలంటే లూడ్జర్ గారు ముందుకొచ్చి, జరిగిందంతా తాను చేయించిన ప్రయోగంగా గంటసేపు వివరించారు. హాలు కిటకిటలాడింది.

రేజాన్ మొదటి వరుసలో కూర్చుని నోట్సు రాసుకున్నారు.