సీలు విప్పని కార్లు

ప్రపంచంలోని బొమ్మ కార్ల కంపెనీలన్నిటికీ ఇదే చివరి హెచ్చరిక అని ఒక ఆదివారం పొద్దున సూర్యాపేటలో, మేడ మీది రెండు గదుల కిరాయి ఇంట్లో, ప్రకటన వెలువడింది. వెలువరించినవారు ముప్పట్టణ ప్లాస్టిక్ నమూనా కార్ల సంఘం. ముప్పట్టణాలంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. హెచ్చరిక కంపెనీల దాకా ఎట్లా చేరుతుందన్న సంగతి చాయ్ తాగాక చర్చించాలనుకున్నారు.

ఆ చాయ్ పెడుతున్నది ఆ ఇంటి కొత్త ఇల్లాలు నవనీత. కోదాడ పిల్ల. ఎమ్మెస్సీ చదివింది. చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. పెళ్లిచూపుల్లో ధనుంజయ్ "నాకు చిన్న చిన్న కార్లు కట్టుడంటే ఇష్టం" అన్నప్పుడే ఆమె మనసు ఒప్పేసుకుంది. బ్యాంకు ఉద్యోగం సంగతి అమ్మానాన్నలు చూసుకున్నారు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, గోరంత అద్దాలూ గవ్వంత చక్రాలూ అతికించుకుంటూ ఒక కారు కట్టాలి. కాపురానికి వస్తూ ఆమె వెంట తెచ్చుకున్న కోరిక అదొక్కటే.

వచ్చి చూస్తే బీరువా మీద కప్పు దాకా పెట్టెలు. పెట్టె మీద మెరిసే కారు బొమ్మ, దాని మీద తళతళలాడే సీలు కాగితం. లోపల ప్లాస్టిక్ ముక్కలుంటాయట. తుంచి, గమ్ముతో అతికించి, రంగేసుకుంటే కారవుతుందట. కాకపోతే ఎవరూ తుంచరు.

"ఏవండీ, ఈ ఆదివారం ఒకటి విప్పుదామా?" అని అడిగింది ఒకసారి.

పుస్తెలు విప్పుదామా అన్నట్టు చూశాడు ధనుంజయ్. "సీలు తీస్తే ఇగ దానికి ఇజ్జత్ ఏముంటది? అయినా కట్టెటందుకు పనికొచ్చే కారు ఏదొస్తున్నది చెప్పు. అన్నీ రేసు కార్లు. లేకుంటే అమెరికా కార్లు. ఎప్పటిదో పాత అచ్చుకు కొత్త అట్ట తొడిగి కొత్త కిట్టు అంటరు. మన అంబాసిడర్ ఒక్కడు చెయ్యడు. పది మంది ఎక్కిన జీపు ఒక్కడు చెయ్యడు. ఏం కట్టాలె?"

పాపం, ఎంత పనితనమున్న చేతులో, తగిన కారు లేక ఖాళీగా ఉన్నాయనుకుంది నవనీత. ఆ చేతులను ముద్దు పెట్టుకుంది కూడా.

అందుకే ఆయన బ్యాంకుకు పోయిన పూటల్లో ఒక పని చేసింది. పెళ్లికి సంఘం వాళ్లు ఇచ్చిన పెట్టె వేరుగా, మంచం కింద ఉంది. అది విప్పింది. ఏదో పాతకాలపు విదేశీ కారు. ముక్కు గుండ్రం, నడుము లావు, అచ్చం అంబాసిడర్‌కు మేనత్త కూతురు. గోళ్ల కత్తెరతో ముక్కలు తుంచింది. కనుబొమ్మల పట్టకారుతో అతికించింది. ఎర్ర దీపాలకు గోళ్ల రంగు. నారింజ దారం ముడులేసి బంతిపూల దండలు చేసి కారు నిండా చుట్టింది. అచ్చం వాళ్ల పెళ్లికారు. స్టీరింగ్ అమరిన రోజు ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

ఈ ఆదివారం మొగుడు సంఘం కార్యదర్శి కాబోతున్నాడు. పోటీ ఎవరూ లేరు. ఆ సంబరానికి కారును చాయ్ గ్లాసుల మధ్య పెట్టి, పళ్లెం పట్టుకొచ్చింది.

అందరూ గ్లాసులు అందుకుని కారు మీదికి వంగారు.

అధ్యక్షుడు శంకరయ్య కళ్లద్దాలు సవరించుకున్నాడు. మిర్యాలగూడలో పెద్ద కొలువు చేసి రిటైరైన ఆయన. "నేను ఇదివరకే ఒక కంపెనీకి రాసిన. పై విషయమై తగు చర్య తీసుకోవలెనని రాసిన. తీసుకున్నరు, ఇగో కారు."

"నేను పోయిన నెలే నెట్‌లో చూశానండీ," అన్నాడు కోదాడ లెక్చరర్ స్టీఫెన్. "జపాన్‌లో వచ్చింది. ఇండియన్ వెడ్డింగ్ ఎడిషన్."

"పూలు సూడన్నా, పూలు," అన్నాడు సూర్యాపేటలోనే సెల్‌ఫోన్ల దుకాణం నడిపే నాగేష్. "గంత సన్నగ మిషన్ తప్ప మనిషి చెయ్యలేడు."

నవనీత మురిసిపోయింది. "మిషన్ కాదన్నా, నేనే. మా పెళ్లికి మీరిచ్చిన పెట్టెలోదేగా."

చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టారు.

"సీలు తీసినవా బిడ్డా?" అన్నాడు శంకరయ్య, ఇంట్లో ఎవరో పోయినట్టు.

"తీయకుండా ఎట్లా కడతారు బాబాయ్?"

స్టీఫెన్ కారును అటూ ఇటూ తిప్పి, "కొలతల ప్రకారం లేదు," అన్నాడు. "గోళ్ల రంగు అంతర్జాతీయంగా చెల్లదు," అన్నాడు నాగేష్. సంఘం నియమావళి ప్రకారం సీలు తీసిన ఇంటివాడు పదవికి అనర్హుడని శంకరయ్య తేల్చాడు. కార్యదర్శి పదవి ఖాళీగా ఉంచారు. కట్టదగిన కారు లేదన్న హెచ్చరిక మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించారు, కట్టిన కారు ముందర కూర్చుని.

ఆ పూట ధనుంజయ్ అన్నం ముట్టలేదు. "ఇజ్జత్ ఖతం జేసినవ్," అన్నాడు. నవనీత కారును దండలతో సహా కిటికీలో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంది.

ఆ వారంలోనే స్టీఫెన్ ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, బస్సులో ఒక పార్సిల్ పంపుతున్నా. కారు కట్టి వేరే సంచిలో పెట్టు. ఖాళీ పెట్టెకి మళ్లీ సీలు అంటించి ఇవ్వు. సంఘానికి తెలియకూడదు." నాగేష్ తనే వచ్చి పెట్టె ఇచ్చిపోయాడు. "వదినా, నాది జర జీపు లెక్క చెయ్యి. పది మంది ఎక్కాలె." శంకరయ్య సూర్యాపేటలో ఏదో పని పడిందంటూ వచ్చాడు. "నీ నేరం పునఃపరిశీలనలో ఉన్నదమ్మా. ఈలోపు ఇది, తగు చర్య నిమిత్తం," అని పెట్టె గుమ్మంలో పెట్టి, చాయ్ కూడా తాగకుండా మెట్లు దిగిపోయాడు.

అధ్యక్షుల వారి పెట్టె కదా అని నవనీత ముందు అదే తీసింది. సీలు కాగితం పలచగా ఉంది. గిఫ్టు దుకాణాల్లో చుట్టి, టేపు వేసి ఇచ్చే రకం. అది ఊడదీసింది. లోపల ముక్కలు లేవు. ఒక ముద్ద ఉంది. చక్రాలు కప్పుకు అంటుకుని, తలుపులు తలకిందులై, అద్దం మీద గమ్ములో బొటనవేలి ముద్ర స్పష్టంగా పడి ఉంది. సంతకం కంటే నయం.

స్టీఫెన్ పెట్టె తీసింది. ముద్ద. నాగేష్‌ది తీసింది. జీపు సంగతి దేవుడెరుగు, అది కారో కప్పపిల్లో చెప్పడం కష్టం.

కట్టడం రాని వాళ్లంతా కలిసి, విప్పకూడదని రూలు కట్టుకున్నారన్నమాట!

వెనక నిలబడి చూస్తున్న ధనుంజయ్ నవ్వలేదు. మెల్లగా జరిగి బీరువాకు అడ్డంగా నిలబడ్డాడు.

నవనీత ఆయన వైపు తిరిగింది. "మీవి?"

"నావి గంత అన్యాయం కాదు," అన్నాడు ధనుంజయ్. "గట్టిగ గుంజితే తలుపులు ఊడొస్తయి." బీరువా వదలకుండానే మళ్లీ అన్నాడు: "అయినా, కంపెనీలు సక్కని కార్లు తెస్తే గిట్లెందుకు అయితది చెప్పు?"

నవనీత వంటింట్లోంచి స్టూలు తెచ్చి బీరువా ముందు వేసింది.

"పైనున్నది దింపండి," అంది. "నేను కారు పట్టుకుంటా, మీరు తలుపులు గుంజండి."