చుక్కలకోడి, దొరసానమ్మ కెమెరా

గుడివాడ రైసుమిల్లు రాజారత్నంగారి కారు బందరు చేపల మార్కెట్టు ముందు ఆగిందంటే చాలు, చందువా చేపలకి ఎక్కడలేని గౌరవం వచ్చేసేది. అంతవరకూ "రూపాయికి రెండు తీసుకో బాబూ" అని బతిమాలిన అమ్మే, "ఒక్కోటి రెండు రూపాయలు, ఇష్టమైతేనే ముట్టుకోండి" అని గోనెపట్టా కప్పేసేది. పోయిన ఏడు ఆయన బజారులో ఒక కొట్టులో చేతిగడియారం మెచ్చి, బేరమాడకుండా కొన్నారు. వారం తిరక్కుండా ఆ కొట్టులో గడియారాలన్నీ ధర పెంచుకున్నాయి, నడవనివాటితో సహా.

అందుకే హైస్కూలు గుమాస్తా దైవాధీనానికి ఆయన్ని చూస్తే గుండె దడ. పైగా ఈసారి కోతల పండుగ వేలానికి ఒక కెమెరా వస్తోంది!

కోతల పండుగనాడు ఎవరి పొలంలో పండింది, ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు చర్చికి తెచ్చి అర్పిస్తారు. ఆరాధన కాగానే వాటిని ఆవరణలో వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానిది. అక్కడ గుమ్మడికాయకి గుమ్మడికాయ ధర ఉండదు, పాడేవాడి హోదాని బట్టి ఉంటుంది. సొంత దేశం వెళ్ళిపోతున్న మిషను దొరసానమ్మ ఈసారి తన పెట్టెకెమెరాని కూడా అందులో పెట్టింది.

దైవాధీనానికి ఆ కెమెరా కావాలి. పన్నెండేళ్ళ కిందట దివిసీమలో అతని పెళ్ళయింది. తిరుగు ప్రయాణంలో ఫొటోగ్రాఫరు పడవ దిగుతూ కాలు జారి, పెళ్ళి ఫొటోల పలకలన్నీ కృష్ణలో పారేశాడు. "మన పెళ్ళి ఫొటో రొయ్యలు చూసుకుంటున్నాయి" అని ఎలీసబెతు ఇప్పటికీ అంటుంది. సొంత కెమెరాతో నీ ఫొటో తీస్తానని ఆనాడే రేవులో మాట ఇచ్చాడు. ఆ మాట కోసమే ఎనభై రూపాయలు కూడబెట్టాడు.

పండుగ ముందురోజు సాయంత్రం ఊగిపోతూ ఇంటికొచ్చాడు.

"ఎలీసా! బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది!"

"అయ్యో, ఈసారి ఏం పోతుందండీ?"

"వినవే. రాజారత్నంగారు ఏటా చేసేదేమిటి? వస్తారు. ఏదో ఒకదాన్ని ఆకాశానికెత్తి పాడతారు. అందరూ చప్పట్లు కొడతారు. కాఫీ తాగి కారెక్కి వెళ్ళిపోతారు. అవునా?"

"అవును. పోయినేడు గుమ్మడికాయ."

"ఆ ముచ్చటేదో కెమెరా రాకముందే తీరిపోవాలి. నీ చుక్కలకోడిని అర్పణకిస్తున్నావుగా? దానిమీద నేను ఆయనతో పోటీ పడతాను. ఆయనకి పౌరుషం వస్తుంది. కోడిని చంకనెట్టుకుని గుడివాడ పోతారు. కెమెరా నాది!"

"మన కోడిని మనమే పాడుకుంటామా?"

"పాడినట్టు నటిస్తానే!"

"మీరా? మొన్న మా అన్నయ్య వచ్చినప్పుడు సంతోషంగా ఉన్నట్టు నటించండి అంటే, పాపం వాడు మీకు జ్వరమేమోనని డాక్టర్ని పిలవబోయాడు."

"నీకు ఎప్పుడూ వేళాకోళమే. ఇంకోమాట. రేపు నువ్వు కెమెరా వంక చూడకు. నీ మొహం చూస్తే దాని ధర పెరుగుతుంది."

"నా మొహానికి అంత విలువుందని ఇన్నాళ్ళకి చెప్పారు. సంతోషం" అంటూ ఎలీసబెతు కోడికి నూకలు చల్లింది.

దైవాధీనం అంతటితో ఆగలేదు. బజారులోకి పోయి, దొరసానమ్మ కెమెరాకి ఉప్పుగాలి తగిలి లోపల బూజు పట్టిందట అని నలుగురి చెవినా వేసి వచ్చాడు. తెల్లారేసరికి ఆ మాట ఊరంతా తిరిగి పెద్దదయింది. ఆ కెమెరాతో తీస్తే ఒక్కో మనిషికి రెండేసి తలకాయలు వస్తున్నాయట!

మర్నాడు ఆరాధన ముగిసింది. సంఘ పెద్ద జ్ఞానయ్యగారు బల్ల ఎక్కి, గొంతు సవరించుకుని, వేలం మొదలుపెట్టారు. ముందు వరసలో రాజారత్నంగారు పట్టు ఉత్తరీయంతో కూర్చున్నారు. ఆయన ఈగని తోలుకోవడానికి చెయ్యెత్తితే వంకాయల బుట్ట రూపాయి నుంచి నాలుగు రూపాయలకి ఎగబాకింది.

చుక్కలకోడి వచ్చింది.

"మూడు రూపాయలు!" అన్నాడెవరో.

"పది!" అని దైవాధీనం లేచి నిలబడ్డాడు. జనం తలలు తిప్పారు.

రాజారత్నంగారు మీసం సవరించుకున్నారు. "పదిహేను."

"ఇరవై!"

"ముప్ఫై."

ముప్ఫై దగ్గర ఆగిపోదామనే దైవాధీనం అనుకున్నది. కానీ జనం చప్పట్లు, పిల్లల కేకలు, ఎన్నడూ తన వైపు చూడని మేస్టర్లందరూ నోళ్ళు తెరుచుకుని చూడటం, ఇవన్నీ తలకెక్కాయి. ఇంకొక్క మెట్టు ఎక్కిస్తే ఆయన పౌరుషానికి ఎదురుండదనిపించింది.

"నలభై!"

"యాభై."

"అరవై!"

"డెబ్బై."

"డెబ్బై అయిదూ!" అని అరిచాడు. కోడి కూడా ఉలిక్కిపడి అరిచింది.

సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీసబెతు, రాజారత్నంగారి భార్య భాగ్యమ్మగారి చెవిలో ఏదో చెప్పింది. భాగ్యమ్మగారు "అయ్యో పాపం!" అంటూ వెళ్ళి ఆ మాట భర్త చెవిలో వేసింది. రాజారత్నంగారు లేచి చేతులు జోడించారు.

"జ్ఞానయ్యగారూ, ఇక ఆపండి. ఈ తమ్ముడు ఆ కోడిని కన్నబిడ్డలా పెంచుకున్నాడట. అది పోతుందని రాత్రి అన్నం కూడా ముట్టలేదట. అలాంటివాడితో నాకు పోటీ ఏమిటి? కోడి ఆయనదే."

ఆవరణ చప్పట్లతో మోగిపోయింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఏమీ కొనకుండానే అన్ని చప్పట్లు కొట్టించుకున్నందుకు మురిసిపోతూ రాజారత్నంగారు కాఫీ గ్లాసు అందుకున్నారు. దైవాధీనం చంకలో కోడి, జేబులో అయిదు రూపాయలు మిగిలాయి.

"ఇప్పుడు కెమెరా!" అన్నారు జ్ఞానయ్యగారు.

ఎవరూ పలకలేదు. రెండు తలకాయలు ఎవరిక్కావాలి?

"బూజు కెమెరా మనకెందుకులే" అని రాజారత్నంగారు కాఫీ ఊదుకున్నారు.

"తొమ్మిది రూపాయలండీ" అన్న ఆడగొంతు వినిపించింది. దైవాధీనం గిరుక్కున తిరిగి చూస్తే, ఎలీసబెతు!

అతని నోరు తెరుచుకుంది.

"దైవాధీనంగారూ, పాడుతున్నారా?" అని అడిగారు జ్ఞానయ్యగారు.

"కోడండీ..." అన్నాడు నీరసంగా.

మూడోసారి అనేశారు. కెమెరా ఎలీసబెతు చేతికొచ్చింది.

రావిచెట్టు నీడకి లాక్కుపోయి అడిగాడు. "ఆ డబ్బెక్కడిదే?"

"గుడ్లమ్మినది. మీ చంకలో ఉన్న కోడివే."

"ఆయన్ని ఎందుకు ఆపావు? కోడి ఆయన పట్టుకుపోతే నా ఉపాయం పారేదిగా?"

"పారేదా? మీరు ఎనభై రూపాయలూ పట్టుకుని కెమెరా మీద అలా ఎగిరితే ఆయన కారెక్కేవారేనా? ఊళ్ళో ధరలు పెంచేది ఆయనొక్కరేనంటారు. మూడు రూపాయల కోడిని పది చేసిందెవరండీ?"

దైవాధీనం కోడి వంక చూశాడు. కోడి మొహం తిప్పుకుంది.

ఇంతలో కాఫీ ముగించిన రాజారత్నంగారు వచ్చారు. కోడిని ఇటూ అటూ తిప్పి చూశారు. "డెబ్బై అయిదంటే మాటలు కాదు, జాతికోడే. దీని గుడ్లు మాకు పంపుతావా అమ్మా?"

"మీకైతే గుడ్డు రూపాయండీ" అంది ఎలీసబెతు, రెప్ప వాల్చకుండా.

"అలాగే పంపు!" అన్నారాయన సంబరంగా. ఆపైన కెమెరా అందుకున్నారు. దొరసానమ్మ అందులో కొంచెం ఫిల్ము వదిలేసింది. "నిలబడండి, నేను తీస్తాను!"

పన్నెండేళ్ళ తర్వాత వాళ్ళ పెళ్ళి ఫొటో అలా వచ్చింది. అందరికీ ఒక్కొక్క తలకాయే వచ్చింది. ఎలీసబెతు నవ్వుతోంది. మధ్యలో కోడి మహా హుందాగా ఉంది. దైవాధీనం ఒక్కడే వేలంలో అమ్ముడుపోయినవాడిలా ఉన్నాడు.

తర్వాతి వారం బావమరిది వస్తున్నాడని కోడిపుంజు కోసం గుడివాడ సంతకి వెళ్ళాడు. అమ్మేవాడు చెప్పిన ధరకి కళ్ళు తిరిగాయి.

"మొన్నటిదాకా నాలుగు రూపాయలేగదయ్యా! ఇప్పుడు పన్నెండా?"

"ఏం చేసేదండీ, మార్కెట్టు లేచిపోయింది. బందర్లో ఎవరో మా గొప్ప ధనవంతుడంటండీ, ఒక్క కోడిని డెబ్బై అయిదు పెట్టి కొన్నాడంట. ఇలాంటోళ్ళుంటే మనలాంటోళ్ళం ఎట్టా బతుకుతామండీ?"

దైవాధీనం గొడుగు ముఖానికి అడ్డంగా దించుకుని, బేరమాడకుండా పన్నెండూ ఇచ్చి, పుంజుని అందుకున్నాడు.