నది మధ్యలో చుక్క

ఆదివారం ఒరెస్తె అనుకున్నది ఒక్కటే: ఇటలీలోని పో నది గట్టు మీద పన్నెండు కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లోపు తొక్కి స్నేహితుడు గ్వెర్రీనో రికార్డు బద్దలు కొట్టాలి. ఆ మాట బార్‌లో అందరి ముందూ అనేశాడు. తప్పితే ఇక తలెత్తుకోలేడు. సైకిలు క్లబ్బులో చేతి గడియారాలు చెల్లవు. హ్యాండిల్‌కు తగిలించే కొలతయంత్రం చెప్పిందే వేదం. దాని చుక్క బార్ టీవీలోని పటం మీద కదులుతూ అందరికీ కనబడాలి.

టైర్లకు గాలి కొడుతూ, ఆన్ చేసిన యంత్రాన్ని మంచు తగలకుండా భార్య నీవెస్ సైకిలు బుట్టలో పెట్టాడు. కాసేపటికి నీవెస్ ఆ సైకిలెక్కింది.

"ఎటే?"

"రొట్టెకి. ఆ తర్వాత దారి ఎటు తీసుకెళ్తే అటు," అంటూ పలచని పొగమంచులో కలిసిపోయింది.

బార్‌లో టీవీ చుక్క రొట్టెల కొట్టు దగ్గర పావుగంట ఆగింది. ద్రాక్షతోట పక్కన మళ్లీ ఆగింది.

"ఇదేం తొక్కుడురా బాబూ, నత్త నయం!" గ్వెర్రీనో పడీపడీ నవ్వాడు.

గంటన్నరకి చుక్క గట్టు దిగి, నేరుగా నదిలోకి పోయి, నీలంరంగు మధ్యలో నిలబడిపోయింది.

"అయ్యో, మునిగిపోయాడ్రోయ్!"

ఎండాకాలం నీరు తగ్గితే అక్కడ ఇసుకమేట తేలుతుంది. వాళ్లంతా చిన్నప్పటినుంచీ దాని మీద పుచ్చకాయలు కోసుకు తిన్నవాళ్లే. కానీ టీవీలో నీళ్లుంటే ఏం చేస్తారు పాపం! పాద్రీ గంట కొట్టించాడు. ఫైరింజను పడవతో సహా బయల్దేరింది. గ్వెర్రీనో ఏడుస్తూ ఒరెస్తె ఇంటికి పరిగెత్తాడు. యంత్రం పోయిందంటే పరువు పోతుందని, ఒరెస్తె అప్పటిదాకా ఎవరికీ చెప్పకుండా ఇల్లంతా గాలిస్తున్నాడు.

"బతికే ఉన్నావా! మరి నదిలో మునిగిందెవర్రా?"

ఒరెస్తెకు బుట్ట గుర్తొచ్చింది. "నీవెస్!"

తొక్కాడు. ఎంత వేగమో, ఎంత దూరమో తెలియలేదు. ఆమె తప్ప ఏమీ గుర్తులేదు.

ఇసుకమేట మీద నీవెస్ నీళ్లలో కాళ్లాడిస్తూ రొట్టె తింటోంది. మంచు నిదానంగా విడిపోతోంది. అవతల కొంగలు నిద్రలో నడుస్తున్నట్టు అడుగులేస్తున్నాయి.

"ఆ రొప్పుడేంటయ్యా? కూర్చో, నీకో ముక్క ఉంచాను."

ఒరెస్తె భోరుమన్నాడు. తర్వాత బూట్లు విప్పి ఆమె పక్కన కూర్చున్నాడు. నీళ్లు చల్లగా, హాయిగా ఉన్నాయి.

ఫైరింజనులో వెంటపడి వచ్చిన గ్వెర్రీనో అలవాటు కొద్దీ చేతి గడియారం చూసుకున్నాడు. "మీ ఇంటి నుంచి ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లు, పంతొమ్మిది నిమిషాలు! కానీ ఇది చెల్లదే..."

"చెల్లకపోతే పోనీలే. కాస్త పక్కకు జరుగు, కొంగలు కనబడ్డం లేదు," అన్నాడు ఒరెస్తె.

సాయంత్రం కొలతయంత్రం ఒరెస్తెను మనస్ఫూర్తిగా అభినందించింది: ఇవాళ నది మధ్యలో కదలకుండా ఉన్నంతసేపూ నిద్ర బాగా పట్టిందట.