ఇంటికొక గణితం బావ కావాలి!

దేశానికి వానలు ఎంత అవసరమో, కరెంటు ఎంత అవసరమో, ఆగకుండా రాసే గణిత శాస్త్రవేత్త కూడా అంతే అవసరం. కాదనేవాళ్లు డేజాన్ ఊళ్లో నా కళ్లద్దాల షాపుకి రండి. ఉచితంగా కళ్లు పరీక్ష చేసి పంపిస్తాను. లోపం కళ్లలోనే ఉండాలి మరి!

ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటంటారా? అలాంటివాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా అక్క మ్యొంగ్-ఓక్ భర్త, ప్రొఫెసర్ ప్యో తే-సన్. యూనివర్సిటీలో లెక్కలు చెబుతాడు. చెప్పడం తక్కువ, రాయడం ఎక్కువ. పరిశోధన పేపర్లు నాలుగు వందలు దాటాక ఇంట్లో లెక్క పెట్టడం మానేశాం. పుస్తకాలు వేరే. వాటి బరువుకి ఒకసారి అల్మరా, మరోసారి అల్మరా కింద నేల, ఆ తర్వాత కింది ఫ్లాటువాళ్లతో స్నేహం, వరసగా కూలిపోయాయి.

అయితే ఆ పుస్తకాల వల్ల ఉపయోగం లేదనకండి! చలికాలం ముందు అక్క జాడీల నిండా కిమ్చీ, అదే మా క్యాబేజీ ఊరగాయ, పెడుతుంది కదా, పైన బరువుకి అందరూ రాయి పెడతారు. మా అక్క రెండు సంపుటాల బీజగణితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడుతుంది. వీధిలో అంత బాగా ఊరిన కిమ్చీ ఇంకెవరింట్లోనూ దొరకదు. సాహిత్యంలో నోబెల్ వచ్చినవాళ్ల పుస్తకాలకైనా ఈ మాట చెప్పగలరా?

ఆయన ఎక్కడైనా రాస్తాడు. ఆవిరి పట్టిన బస్సు అద్దం మీద రాస్తాడు, లిఫ్టు గోడ మీద రాస్తాడు. ఒకసారి నా షాపులో, కళ్ల పరీక్షకి అక్షరాలు ఉండే బోర్డు పక్కనే రాసేశాడు. ఒక పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు అదే చూశాడు. "బాబూ, కనబడటం బాగానే కనబడుతోంది. అర్థమే కావట్లేదు. పవర్ పెంచు" అన్నాడు. పెంచాను. ఏం చెయ్యను?

ఇంకో వైభవం వినండి. ఒక పత్రికవాళ్లు ఆయన పంపిన పేపరు తిప్పి పంపేశారు. ఇది ఎప్పుడో ఎవరో నిరూపించేశారని రాశారు. బావకి పౌరుషం వచ్చింది. ఎవడా ఎవడు అని లైబ్రరీకి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. "ఎంత అందంగా రాశాడనుకున్నావ్! ఒక్క లైను తియ్యడానికి లేదు!" అన్నాడు. రాసింది ఆయనే. పాతికేళ్ల కిందట. తన మీద తనకే అసూయ పుట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా?

ఇక విద్యార్థుల సంగతి. ఇక్కడే మా బావ గొప్పతనం అసలు బయటపడుతుంది. మిగతా ప్రొఫెసర్లు ఏం చేస్తారు? డాక్టరేట్ చేసే పిల్లలకి ఒక సమస్య ఇచ్చి, నువ్వే తేల్చుకో పొమ్మని ఏళ్ల తరబడి ఏడిపిస్తారు. ఎంత క్రూరత్వం! మా బావ అలా కాదు. పొద్దున సమస్య ఇస్తాడు. పిల్లవాడు ఆలోచించుకుంటూ మెట్లు దిగేలోపు వెనకాలే వచ్చి జవాబు చెప్పేస్తాడు. సాయంత్రానికి అది పేపరైపోతుంది. పిల్లవాడికి ఇంకో సమస్య ఇస్తాడు. దాని గతీ అంతే.

ఇలా కష్టమన్నది తెలియకుండా పెరిగిన ఆయన శిష్యులు చాలామంది డాక్టరేట్ వదిలేసి హాయిగా వేరే పనుల్లో స్థిరపడ్డారు. ముగ్గురు బేకరీలు పెట్టారు. మా ఊరి బన్నులకి దూరాల నుంచి వచ్చి జనం క్యూ కడతారే, అందులో గణిత శాస్త్రం వాటా ఎంతో ఎవరైనా గుర్తించారా?

ఒక్క యె-రిన్ మాత్రం కదలలేదు. తక్ యె-రిన్ అని, సముద్రం ఒడ్డున సొక్చో ఊరి పిల్ల. తల్లి అక్కడ ఎండు చేపలు అమ్ముతుంది. ఈ పిల్ల చేతిలోంచి ఎన్ని సమస్యలు ఆయన చేతిలోకి వెళ్లిపోయాయో! అయినా మొండిగా కూర్చుంది. ఈ మధ్య గంగ్నుంగ్‌లో ఒక కాలేజీవాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. మార్చిలో తరగతులు మొదలయ్యేలోపు డాక్టరేట్ చేతిలో ఉండాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

అందుకని యె-రిన్ ఒక సమస్య తనంతట తనే వెతుక్కుని, దొంగసరుకు దాచినట్టు దాచుకుంది. సంగతి అక్కకి మాత్రం చెప్పింది. అక్క నా షాపుకి వచ్చింది.

"ఒరేయ్, ఆ పిల్ల ఏదో పట్టుకుందట. మీ బావ చెవిన పడకముందే ఆయన్ని దేంట్లోనైనా పడెయ్యాలిరా."

"నేనేం చెయ్యనక్కా? నాకు కూడికలే సరిగ్గా రావు."

"అందుకేరా నిన్నడిగేది! లెక్కలొచ్చినవాడు అడిగిన ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు ముందే ఉంటుంది."

సరే, మర్నాడు బావని నూడుల్స్ తినడానికి తీసుకెళ్లాం. యూనివర్సిటీ వెనక, చేత్తో కోసిన నూడుల్స్ వేడి పులుసులో వేసిచ్చే కల్‌గుక్సు కొట్టు. నడిపే పిన్నిగారు ఒక గుండ్రటి స్టీలు పళ్లెంలో నంచుకునే కూరల గిన్నెలన్నీ పేర్చి, పళ్లెంతో సహా మన ముందు పెట్టేస్తుంది. నాకిష్టమైన ముల్లంగి గిన్నె ఎప్పుడూ అవతలి అంచున ఉంటుంది. నాకు చటుక్కున తట్టింది.

"బావా, ఈ గిన్నెల్ని పైకెత్తకుండా, పక్కకి జరుపుతూ, ఏ గిన్నెనైనా ఎక్కడికైనా చేర్చొచ్చా?"

బావ స్పూను గాల్లో ఆగింది. "పళ్లెంలో ఖాళీ ఎంత?"

"ఏమో. సగం అనుకో."

"సగం..." అన్నాడు. నూడుల్స్ ఉబ్బి పులుసంతా తాగేశాయి. నేను అక్కకి కన్నుకొట్టాను. అక్క బల్ల కింద నా కాలు తట్టి మెచ్చుకుంది.

నాలుగు వారాలు తిరక్కుండానే పేపరు అచ్చుకి సిద్ధమైంది. సగం ఖాళీ ఉంటే చాలు, ఏ గిన్నెనైనా ఎక్కడికైనా జరపవచ్చని తేల్చేశాడు. ప్రశ్న నాది కాబట్టి నా పేరు కూడా వేశాడు, ధర్మాత్ముడు! గణితంలో పేర్లు అక్షరాల వరసలో వేస్తారు, పెద్దాచిన్నా చూడరు. కాబట్టి నా ఇంటిపేరు క్వాక్ ముందు, ఆయన ప్యో తర్వాత. ఇంటర్నెట్‌లో పెట్టిన వారానికే పోలండ్ నుంచి ఒకాయన "ప్రొఫెసర్ క్వాక్ గారికి" అని నాకు మెయిల్ రాశాడు. ఫ్రేము కట్టించి షాపులో పెట్టాను.

ఆ ఫ్రేము కిందే వచ్చి నిలబడింది యె-రిన్. చేతిలో మా పేపరు.

"అంకుల్, ఇది మీరు రాసిందేనా?"

"నేనూ, మీ సారూ" అన్నాను, కాలరు సర్దుకుని.

"ఇది నా థీసిస్ అంకుల్."

"నీది రోబోల గురించని అక్క చెప్పిందిగా! గోడౌన్‌లో ఒకదాన్నొకటి గుద్దుకోకుండా తిరిగే రోబోలు!"

"గుండ్రంగా ఉంటే చాలు. మాకు రోబో అయినా ముల్లంగి గిన్నె అయినా ఒకటే." కళ్లు పరీక్ష చేసే కుర్చీలో కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. "అమ్మ గంగ్నుంగ్‌లో నాకు గది కూడా చూసేసింది అంకుల్."

మా బావ నుంచి దాచిన సమస్యని నేనే వండి ఆయన కంచంలో వడ్డించాను! ఇంత మంది ప్రొఫెసర్లున్న ఊళ్లో, ఒక్క లెక్కా రాకుండా ఒక థీసిస్‌ని నాశనం చేసిన ఘనత నాకు తప్ప ఎవరికి దక్కింది?

యె-రిన్ కళ్లు తుడుచుకుని ఆ పేపరు పట్టుకుపోయింది. చించేస్తుందేమో అనుకున్నాను. చదివింది. ఆయన పేపర్లు ఎవరూ చివరిదాకా చదవరు, ఒకటి చదివేలోపు ఇంకో రెండు వస్తాయి కాబట్టి. ఈ పిల్ల చదివింది.

ఒక రోజు మధ్యాహ్నం మమ్మల్ని ముగ్గుర్నీ నూడుల్స్ కొట్టుకి పిలిచింది. పిన్నిగారి దగ్గర ఖాళీ పళ్లెం, కొన్ని గిన్నెలు అడిగి తీసుకుని, ఒకదానికొకటి ఆనేలా, పళ్లెం అంచుకి తన్నిపెట్టేలా ఏదో తోరణంలా పేర్చింది. మధ్యలో, పక్కల్లో బోలెడంత ఖాళీ.

"సగం కంటే ఎక్కువే ఉంది ఖాళీ. ఏదో ఒక గిన్నె జరపండి" అంది.

నేను తోశాను. కదల్లేదు. అక్క తోసింది. పిన్నిగారు కూడా చెయ్యి తుడుచుకుని వచ్చి, "ముప్పై ఏళ్ల నుంచి గిన్నెలు సర్దుతున్నా, నాకా లొంగవు!" అని తోసింది. ఆవిడకీ లొంగలేదు.

"మీ సిద్ధాంతం తప్పు అంకుల్" అంది యె-రిన్, నాతో. ఆయనతో అనడానికి ధైర్యం చాల్లేదేమో.

తప్పుడు సిద్ధాంతం సొంతంగా ఉన్న కళ్లద్దాల వ్యాపారి ఈ దేశంలో నేనొక్కడినే. మీకు అసూయగా ఉంటే నేనేం చెయ్యలేను.

బావ చాప్‌స్టిక్‌తో ఒక్కో గిన్నెనీ పొడిచి చూశాడు. ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు. "భలే! తప్పే! శుద్ధ తప్పు! ఎంత బాగా ఇరికించావ్ అమ్మాయ్!" ఆయనలో మెచ్చుకోవాల్సిన గుణం ఇదే, ఓడిపోయినా పండగే. కానీ ఆ చప్పట్లు ఆగకముందే ఆయన చెయ్యి జేబులో కలం కోసం వెళ్లింది. "అయితే ఎలా ఉంటే ఇరుక్కోవు అన్నది చూస్తే..."

అక్క ఆ మణికట్టు పట్టుకుంది.

"కలం బయటికి తీశారో, ఈ ఏడాది ఇంట్లో కిమ్చీ పెట్టను!"

"నేనేం చేశానే? సాయం చేద్దామనేగా!"

"మీ సాయంతో ఊళ్లో బేకరీలు లేస్తున్నాయి. ఈ పిల్ల డాక్టరేట్ పరీక్ష అయ్యేదాకా దీని గురించి ఒక్క ముక్క రాయకూడదు, ఒక్క ముక్క మాట్లాడకూడదు."

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆ మనిషి పడిన అవస్థ చూడాలి! నా షాపుకి వచ్చి ఊరికే కూర్చునేవాడు. జవాబు మొత్తం తలలో ఉందనేవాడు. ఎక్కిళ్లు వచ్చేవి. పెన్నులన్నీ సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాణ్ణి.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షించే ప్రొఫెసర్ల ముందు తినడానికి, తాగడానికి ఏవో పెట్టడం ఇక్కడ విద్యార్థి బాధ్యత. ఆ బాధ్యత అక్క తీసుకుంది. అందరికీ కమలాలు, కాఫీ. మా బావ ముందు మాత్రం ఒక పళ్లెం నిండా ఇంజొల్మి. బంక బియ్యాన్ని దంచి, ముక్కలు కోసి, పప్పు పిండి అద్దుతారే, అది. నోట్లో పెట్టుకుంటే పళ్లు విడదీయడం ఎవరి తరమూ కాదు.

నేనూ అక్కా వెనక వరసలో కూర్చున్నాం. యె-రిన్ బాగానే చెప్పుకుపోతోంది. అప్పుడు బూసాన్ నుంచి వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు కమలా ఒలుస్తూ అడిగాడు.

"ఇరుక్కుంటాయని చూపించావు, సంతోషం. ఇరుక్కోకూడదంటే ఏం కావాలి? అది చెప్పకపోతే సగం పనేగా అమ్మాయ్?"

యె-రిన్ బోర్డు వైపు తిరిగింది. సుద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. గంగ్నుంగ్‌లో చూసి ఉంచిన గది ఆ క్షణం అక్కడే వేలాడుతోంది.

బావ కుర్చీ కిర్రుమంది. లేస్తున్నాడు! నోరు తెరిచాడు. అక్క దగ్గింది. ఆయన వెనక్కి చూసి, మళ్లీ బోర్డు వైపు చూసి, ఒక ముక్క తీసి నోట్లో కుక్కుకున్నాడు. వెంటనే ఇంకోటి. ఇంకోటి. బుగ్గలు పొంగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. కూర్చున్నాడు.

యె-రిన్ నెమ్మదిగా బోర్డంతా తుడిచేసింది.

"ఇందాకటి నుంచీ మనం గిన్నెల్నే జరుపుతున్నాం సార్. గిన్నెల్ని వదిలేసి ఖాళీని జరిపితే?"

గీయడం మొదలుపెట్టింది. బూసాన్ ప్రొఫెసరు కమలా ఒలవడం ఆపేశాడు. అందరూ ఒక్కొక్కరే ముందుకి వంగారు. నాకేమీ అర్థం కాలేదు, కానీ అర్థమైనవాళ్ల ముఖాలు చూశాను, చాలు. డాక్టరేట్ ఇచ్చేశారు. అక్క అక్కడే ఏడ్చేసింది.

ఇప్పుడు నా విజ్ఞప్తి. ఏటా ప్రభుత్వం వారు ప్రొఫెసర్లని ఎన్ని పేపర్లు రాశారని అడుగుతారు. ఎన్ని రాయకుండా ఆపుకున్నారని కూడా అడగాలి. దానికి వేరే ర్యాంకు, వేరే బోనస్ ఉండాలి. ఈ ఏడాది మా బావే ఫస్టు!

ఈ మాటే బయట వరండాలో ఆయనతో అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పెదాల చుట్టూ ఇంకా పిండి ఉంది.

"ఏం బావా, నీ తలలో ఉన్న జవాబూ అదేనా?"

"కాదురా. నాదీ తప్పేం కాదు. ఓ నలభై పేజీలు వస్తుంది, అంతే. కానీ ఆ పిల్ల గీసిందే... అది నాకు తట్టలేదు. ఎన్నాళ్లు కూర్చున్నా తట్టేది కాదు." మూతికంటిన పిండి తుడుచుకున్నాడు. "నేను లేచి చెప్పేసి ఉంటే నా నలభై పేజీలే ఉండేవి. అదొకటి ఉందనే ఎవరికీ తెలిసేది కాదు."

లోపల యె-రిన్ ఎవరికో మళ్లీ మొదటి నుంచి చెబుతోంది. సుద్ద చప్పుడు వినిపిస్తోంది. బావ తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంతకుముందు పిల్లలకి కూడా ఏదో ఒకటి తట్టి ఉంటుంది కదా?" అన్నాడు, అప్పుడే బయటికొచ్చిన మా అక్కతో. "నేను చెప్పేసేలోపు?"

అక్క చేతిలో ఉన్న డబ్బా తెరిచి, మిగిలిన ఇంజొల్మి ముక్క ఆయనకిచ్చింది. ఆయన నోట్లో వేసుకున్నాడు.