నర్సింగమ్మకు చీర

ఆ సోమవారం పొద్దున గండయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మగ్గం మీదున్న పెండ్లి చీరకు జాకెట్ ముక్క నేసి, మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చేసరికి కోసి ఆమె చేతిలో పెట్టాలి. చీరంతా అయింది. మిగిలింది ఆ ముక్కే. సుగుణమ్మది చౌటుప్పల్. బిడ్డ పెండ్లికని నేయించుకుంటూ, చూడటానికి వచ్చిన ప్రతిసారీ అంచుకు వంక పెట్టింది. అలాంటి మనిషికి ఇంకో వంక దొరకనివ్వకూడదని గండయ్య పట్టుదల.

కొడుకు దయాకర్, కోడలు మందుల కంపెనీ బస్సుకు బయలుదేరారు. పోయేముందు దయాకర్ ప్రతి సోమవారం చేసే పనే చేశాడు. పాత ఫోన్‌లో 'ఒడవని లొల్లి' పెట్టి గోడ గూట్లో నిలబెట్టాడు. తెరను గోడవైపు తిప్పాడు. ఆ వెలుగు కంట్లో పడితే గండయ్యకు పోగు కనిపించదు. ముడులు కట్టి రంగులద్దిన చిటికి నూలుతో నేసేవాడు పడుగు మీది నుంచి చూపు తీయకూడదు. చెవులు మాత్రం ఖాళీయే.

"నాయినా, కొత్తది ఒచ్చింది. ఇనుకుంట నెయ్యి."

"తలుపు దగ్గరికేసి పో. ఊళ్లె కోళ్లన్ని నా ఇంట్లకే ఒస్తున్నయి."

'ఒడవని లొల్లి', అంటే తెగని గొడవ, ఒక బొమ్మల కథ. కంప్యూటర్ మీద గీసి, గొంతులు పెట్టి, వారానికొకటి వదులుతారు. ఆ సంగతి గండయ్యకు తెలియదు. ఈ కాలంలో జనం వండింది, తిన్నది, కొట్లాడుకున్నది అన్నీ ఫోన్లో పెడుతున్నారు. ఇదీ అలాగే ఎవరి ఇంటి లొల్లో అనుకున్నాడు. దయాకర్ చెప్పలేదు. నాయిన అడగలేదు. ఆ ఇంట్లో ఇద్దరి మధ్య మాటలు అంతే.

ఇది పెద్దలకు మాత్రమే అని మొదట్లోనే ఒక గొంతు చెప్పేది. "మంచిదే, పోరగాళ్లకు సంసారం ఏం తెలుస్తది" అనుకున్నాడు గండయ్య. ఆ ఇంట్లో సతీశ్ అనేవాడు తాగుతాడు. పెండ్లాం నవనీత తిడుతుంది. తలుపులు మూసుకుని మాట్లాడుకోవాల్సినవి వాకిట్లో నిలబడి మాట్లాడుకుంటారు. అందరిలో బుద్ధి ఉన్నది నర్సింగమ్మ అనే ముసలిదానికే. సగం నిద్రలో ఉన్నట్టు మాట్లాడుతుంది. ఒక్క మాట అంటుంది, అది గుచ్చుకుంటుంది. ఎవరూ వినరు. తను మళ్లీ చెప్పదు. గండయ్యకు ఆ పద్ధతి నచ్చింది. భార్య సుభద్రమ్మ పోయాక అతను ఎవరినీ మెచ్చుకోలేదు. ఆమె ఉన్నప్పుడూ మెచ్చుకోలేదు. నర్సింగమ్మను మాత్రం మెచ్చుకున్నాడు.

మెచ్చుకుని ఊరుకోలేదు. భాగం అయిపోయి తెర నల్లబడ్డాక మీట నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని దయాకర్ చూపించాడు. ప్రతి భాగం కింద గండయ్య తన అభిప్రాయం చెప్పేవాడు.

"ముసల్దాన్ని కొట్టంల పండబెడుతున్నరు. వానకాలం ఒస్తాంది. ఇంట్ల జాగ లేదా?"

"పొద్దుమాపు గడ్డే ఏస్తున్నరని ఆమె అన్నది. ఒట్టి ఆకుకూర ఎన్నిదినాలు తింటది? జర పప్పు పెట్టుండ్రి."

"నర్సింగమ్మ చెప్పినట్టు ఇంటే ఆ కొంప బాగుపడ్తది. ఇనరు. ఇట్లాంటోళ్లు ఇనరు."

చూసేవాళ్లు విరగబడి నవ్వారు. ఇంత గంభీరంగా ముఖం పెట్టుకుని ఇంత హాస్యం ఎవడు రాస్తున్నాడని అడిగారు. కొందరు భాగం చూడకముందే ఈ అభిప్రాయం కోసం కిందికి పోయేవారు. అవన్నీ దయాకర్ పేరు మీద పడేవి. కంపెనీ క్యాంటీన్లో తోటివాళ్లు అతని భుజం తట్టి, "పప్పు పెట్టుండ్రి అన్నవు సూడు, కడుపుల నొచ్చింది తమ్మీ" అన్నారు. తన తండ్రి పుట్టి బుద్ధెరిగాక హాస్యమాడలేదని దయాకర్‌కు తెలుసు. ముసలితనంలో మొదలుపెట్టాడేమో అనుకున్నాడు. అడిగితే వచ్చిన పేరు పోతుంది. కనుక అడగలేదు.

ఇక ఆ సోమవారం భాగం.

"ముసల్దయింది, తిండి దండుగ. అంగడికి తోలు" అంది నవనీత.

"రేపే తోలుతా. ఆత్మకూరు బేరగాడు అడుగుతుండు" అన్నాడు సతీశ్.

తర్వాత నర్సింగమ్మ గొంతు.

"తోలుండ్రి బిడ్డా. మీ నాయిన సచ్చిననాడు ఈ ఇంట్ల ఏడ్సింది నేనొక్కదాన్నే. పోతపోత ఒక్క మాట. గడ్డివాముల సీస దాసినవు సూడు, దాన్ని తొక్కి పలగ్గొట్టింది నేనే."

గండయ్య చేతిలో పోగు విసిరే నాడె ఆగింది.

సాలెవీధిలో పొద్దున పూట మగ్గం చప్పుడు ఆగిందంటే మంచి కబురు కాదు. గండయ్య మగ్గం అలా నడుమ ఆగటం సుభద్రమ్మ పోయిననాడే చివరిసారి. పక్కింట్లో కండెలు చుడుతున్న నిర్మలమ్మ రాట్నం వదిలి వచ్చింది. ఎదురింటి లియాఖత్ అలీ ఆటో తుడుస్తున్న గుడ్డతోనే వచ్చాడు.

"ఏమైంది బావా, పాణం మంచిగ లేదా?"

"తల్లిని అంగడికి తోలుతుండు, నిర్మలా. ఆత్మకూరోనికి అమ్ముతుండు."

"ఎవడు?"

గండయ్య గూటి దగ్గరికి పోయి మీట నొక్కి మళ్లీ మొదటి నుంచి పెట్టి, అలవాటుగా తెరను గోడకు తిప్పాడు. ముగ్గురూ గోడకు తిరిగి ఉన్న ఫోన్ ముందు నిలబడి విన్నారు. సీసా మాట దగ్గర నిర్మలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. లియాఖత్ అలీ గుడ్డ విసిరికొట్టాడు.

"అమ్మను అమ్ముకునుడేందన్నా! నవాబుల కాలంల కూడ ఇనలే!"

గండయ్య మీట నొక్కి, తిట్టగలిగినంత తిట్టాడు. జవాబులు వెంటనే వచ్చాయి. లియాఖత్ అలీ ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. "అన్నా, పళ్లు సూసి కొనమను" అన్నాడొకడు. "రేటెంత పలికింది?" అన్నాడు ఇంకొకడు. "సూడిదా, ఒట్టిదా?" అన్నాడు మూడోవాడు.

"ఆ వయసుల సూడి ఏందిరా!" అని గండయ్య గోడను గుద్దాడు. లోకం ఇంత చెడిపోయిందని అతనికి ముందే అనుమానం. ఇప్పుడు రుజువు దొరికింది.

ప్రతి భాగం చివర ఒక గొంతు వాళ్లుండే జాగా ఎక్కడో చెప్పేది. చౌటుప్పల్‌లో రోడ్డు పక్కన టైర్ల దుకాణం, దాని మీది గది, తిట్టాలనుకునేవాళ్లు మెట్లెక్కి రావచ్చు.

"ఆటో తియ్యి లియాఖత్. ఆమెను తెచ్చుకుందం. నా ఇంట్ల ఇంత కూడుకు కరువు లేదు."

"ఊకెనే పోతే ఎట్లస్తది బావా? ఆడమనిషిని ఇంటికి తెస్తున్నం. చీర పెట్టద్దా?" అంది నిర్మలమ్మ.

గండయ్య మగ్గం వైపు చూశాడు.

"గా చీర పెండ్లోళ్లది కదనే!"

"పెండ్లోళ్లు ఆగుతరు. అంగడి ఆగది."

జాకెట్ ముక్క నేయాల్సిన పడుగు అలాగే ఉండగా, చీరను కోసి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

టైర్ల దుకాణం మీది గదిలో ఇద్దరున్నారు. కంప్యూటర్ ముందు శ్రవణ్, మైకు ముందు యాస్మిన్. తిట్టడానికి రమ్మని ఎన్నాళ్ల నుంచో చెబుతున్నారు గాని, నిజంగా ఎవరూ రాలేదు. అందుకని మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే టీ తెచ్చారనుకున్నారు.

"సతీశ్ ఎవడు?" అన్నాడు గండయ్య.

"గొంతు నాదే తాతా" అన్నాడు శ్రవణ్ నవ్వుతూ.

లియాఖత్ అలీ అతని చొక్కా గల్లా పట్టుకున్నాడు. "అమ్మను అమ్ముకుంటవా బే!"

"ముందుగాల నర్సింగమ్మను బయటికి తీస్కరా" అన్నాడు గండయ్య. "చీర తెచ్చిన. ఇగ ఈ కొంపల ఉండది."

యాస్మిన్ భయపడింది. భయంలో ఆమెకు అలవాటైన గొంతే వచ్చింది.

"గల్ల ఇడువు బిడ్డా. ఆని మెడల బొక్కలు తప్ప ఏముంది, ఇరిగితే మల్ల దొరకయి."

లియాఖత్ అలీ గల్లా వదిలాడు. గండయ్య యాస్మిన్ వెనక్కి తొంగి చూశాడు. గోడ ఉంది.

"యాడున్నవమ్మా?"

"నేనే తాతా. గొంతు నాది." ఆమె మామూలు గొంతుకు వచ్చింది. "మనిషి... అంటే, మనిషి కాదు."

శ్రవణ్ గల్లా సర్దుకుని కంప్యూటర్ తెర తిప్పాడు. తెర నిండా నల్లని బర్రె. ఒక కొమ్ము కిందికి వాలింది. దవడ ఒక పక్కకు నడుస్తోంది. లోకంలో వినాల్సినవన్నీ వినేసినట్టు కళ్లు సగం మూసుకుని, నేరుగా గండయ్యనే చూస్తోంది.

"గండన్నా," అన్నాడు లియాఖత్ అలీ మెల్లగా, "బర్రె."

"కనబడుతాంది."

నిర్మలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూలబడింది. "మా సుభద్రక్క బతికినన్ని దినాలు మిల్లు చీరలే కట్టింది. బర్రెకు పెండ్లి చీర తెచ్చినవా బావా!"

గండయ్యకు కొట్టం అర్థమైంది. గడ్డి అర్థమైంది. పళ్లు చూడమన్నవాడు అర్థమయ్యాడు. పప్పు మాట గుర్తొచ్చి చెవులు కాలాయి. అయినా తెర మీది నుంచి చూపు తీయలేదు. నర్సింగమ్మను చూడటం అదే మొదలు.

"మంచిగ గీసినవు" అన్నాడు చివరికి. "ఆ వాలిన కొమ్ము మంచిగున్నది. ఈ పోరి గొంతు ఇంకా మంచిగున్నది. అయితేంది? బర్రెయితే అమ్ముకుంటరా? ఆ కొంపల బుద్ధి ఉన్నది దానొక్కదానికే. అది పోతే ఇగ మిగిలింది ఏంది, తాగుబోతోడు, వాని పెండ్లాం. వాళ్లు మా వీధిల శానమంది ఉన్నరు. ఫోన్ల సూసుడెందుకు?"

శ్రవణ్ తల గోక్కున్నాడు. "అమ్మక తప్పలే తాతా. అందరికీ రెండు కాళ్లు, దీనికి నాలుగు. నడిస్తే నాలుగు కదలాలె. గీసేటోణ్ణి నేనొక్కణ్ణే. రాత్రి పంటే చెయ్యి గుంజుతాంది."

"నేను గూడ చెప్పిన తాతా, ఇనలే" అంది యాస్మిన్. "నర్సింగమ్మ పోతే నాకు పని లేదు. నవనీత గొంతుకు వేరే పిల్ల ఉంది. నేను మల్ల నల్లగొండ పోయి బట్టల దుకాణంల నిలవడాలె."

అప్పుడే కింద నుంచి ఒక గొంతు ముందు వచ్చింది, తర్వాత సుగుణమ్మ వచ్చింది. గండయ్య ఊరికి పోయి చీర లేని మగ్గం చూసి, వీధంతా విచారించి, కంపెనీ గేటు దగ్గర దయాకర్‌ను పట్టుకుని లాక్కొచ్చింది. అతని తల మీద కంపెనీ టోపీ ఇంకా ఉంది.

"నా చీర ఏది గండయ్యా? ఎవరో ముసలామెకు పెడుతవట!"

"మా నాయినను ఏమనకమ్మా, ఏమన్న ఉంటే ఈ దయాకర్‌తోని మాట్లాడు" అన్నాడు దయాకర్.

శ్రవణ్ లేచి నిలబడ్డాడు. "దయాకర్ అంటే... పప్పు పెట్టుండ్రి దయాకర్ అన్ననా?" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ అభిప్రాయాలు గోడకు రాసి పెట్టుకున్నమన్నా!"

దయాకర్ నవ్వబోయి, తండ్రిని చూసి ఆగాడు.

"అవన్ని నేను చెప్పిన" అన్నాడు గండయ్య.

"జోకుకు అన్నవనుకున్న నాయినా!"

"నేనెప్పుడన్న జోకేసిన్న రా?"

సుగుణమ్మ చీర వైపు చెయ్యి చాపింది. గండయ్య దాన్ని యాస్మిన్ చేతుల్లో పెట్టేశాడు.

"పెట్టెటందుకు బయలెల్లిన చీర మల్ల ఇంటికి రాదు. నర్సింగమ్మకని తెచ్చిన. గొంతు నీది గనుక నువ్వు తీస్కో."

యాస్మిన్‌కు ఏడుపో నవ్వో తెలియలేదు. చీర విప్పి, తెర ముందు పట్టుకుని, నర్సింగమ్మ మెడ దగ్గర ఆనించింది. "ఏందమ్మా, కట్టుకుంటవా?" అంది. చీర మెడ నుంచి కిందికి జారింది. తెర మీద వాలిన కొమ్ము, సగం మూసిన కళ్లు, నడుస్తున్న దవడ మిగిలాయి. మిగతాదంతా చీర.

"కదలకు" అన్నాడు శ్రవణ్. దగ్గరికి వచ్చి చూశాడు. దూరం పోయి చూశాడు. "కాళ్లు కనబడుతలేవు."

"చీరల కాళ్లెట్ల కనబడ్తయి?" అంది నిర్మలమ్మ.

"ఒక్క కాలు కూడ కనబడుతలేదు! కుచ్చిళ్లు కదిలిస్తే చాలు, నడిసినట్టే!" శ్రవణ్ గుంజుతున్న చేతిని చూసుకున్నాడు. "అంగడి నుంచి తోలుకొస్త తాతా. ఇగ నర్సింగమ్మను అమ్మను."

గండయ్య ముఖంలో సంతోషం కనిపించలేదు. అది అక్కడికి వచ్చే అలవాటు లేదు. అతన్ని బాధపెడుతున్నది ఇంకొకటి. "జాకెట్ ముక్క లేదు" అన్నాడు తప్పు చేసినవాడిలా. "అది నేయకముందే కోసిన."

"బర్రెకు జాకెట్ ఎందుకు తాతా!"

"బర్రెకు పెట్టిన చీర నా బిడ్డకు ఒద్దే ఒద్దు" అంది సుగుణమ్మ. "పెండ్లికి ఇంక టైమున్నది. రంగు మార్చి, అంచు మార్చి వేరేది నెయ్యి. దీని పోలిక కూడ ఉండద్దు." మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు దాకా తిడుతూనే ఉంది.

తర్వాతి సోమవారం గండయ్య ఫోన్‌ను తనవైపు తిప్పుకున్నాడు. మగ్గం ఆపి చూశాడు. వీధి కంగారుపడి గడప దగ్గరికి వచ్చింది. సంగతి తెలిసి అక్కడే కూర్చుని చూసింది. నర్సింగమ్మ అతని చీర కట్టుకుని, కుచ్చిళ్లు ఊపుకుంటూ అంగడి నుంచి నడిచి వచ్చింది. "కొన్నోడు చీర పెట్టి మరీ ఎల్లగొట్టిండు బిడ్డా. నా మాటలు ఒక్క పూట ఇనలేకపోయిండు" అంది. చూసినవాళ్లు అంతకు ముందు ఏ భాగాన్నీ అంత మెచ్చుకోలేదు. చీర ఎక్కడిదని అడిగిన ఆడవాళ్లకు లెక్కలేదు. గండయ్య కూడా మీట నొక్కి చెప్పాడు, ఈసారి తన పేరు మీదే: "అంచు తిరగేసి గీసిన్రు. నర్సింగమ్మ మంచిగున్నది."

మగ్గం మళ్లీ మొదలుపెట్టాడో లేదో, వాకిట్లో సుగుణమ్మ. వెనక పెండ్లిపిల్ల, చేతిలో ఫోన్.

"గండయ్యా, రంగు మార్చకు. అంచూ మార్చకు. గదే కావాలట. నర్సింగమ్మ కట్టిందే కావాలని పొద్దటి సంది అన్నం ముట్టలె."

గండయ్య తల ఊపాడు. నాడె ఆపలేదు.

"ఈసారన్న జాకెట్ ముక్క మరువకు."

"నర్సింగమ్మ అడుగలె" అన్నాడు గండయ్య.