రేపుగారు ఇవాళే కారు విప్పిన వైనం

ఆయన్ని వీధి వీధంతా రేపుగారు అంటుంది. నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. కుళాయి కోసం ఎవరొచ్చినా "రేపు రండి" అనడం ఆయన ఉద్యోగధర్మం. ఇంట్లో కూడా ఆ ధర్మాన్ని ఏనాడూ తప్పలేదు. అలాంటి మనిషి ఒక శుక్రవారం పొద్దున కాఫీ కప్పు కింద పెట్టి, "కారు ఇవాళే బాగుచేస్తాను. నేనే. ఇంట్లోనే," అనేసరికి ఆయన భార్య చెయ్యి చెంచాతో సహా గాల్లో ఆగిపోయింది.

"ఏమైంది దానికి?"

"ఆయిల్ కారుతోంది."

"ఆర్నెల్ల నుంచీ కారుతూనే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా, 'కారు అన్నాక కారదా' అన్నారు."

"అది హాస్యం. ఇది బాధ్యత."

"రేపు పొద్దున్నే మా అన్నయ్య వాళ్ళ ఊరు వెళ్ళాలి. జ్ఞాపకం ఉందా?"

"అయ్యో, రేపేనా!" అన్నారు రేపుగారు, మూడు వారాలుగా క్యాలెండరులో ఆ తేదీని పులిని చూసినట్టు చూస్తున్న మనిషి.

సంగతేమిటంటే, బావగారు హెడ్మాస్టరుగా రిటైరై ఆత్మకథ రాస్తున్నారు. రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, చదివి వినిపిస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు రోజులు చదివితే బావగారికి పాలపళ్ళు ఊడాయి. రెండోసారికి మీసం మెలి తిరిగింది. ఆ లెక్కన పెన్షను దాకా రావాలంటే రేపుగారు ఇంకో జన్మ ఎత్తాలి. పైగా ఆయన కళ్ళు తెరిచి నిద్రపోతూ, పావుగంటకోసారి "అద్భుతం" అనడం అలవాటు చేసుకున్నారు. దాంతో బావగారికి ఆయనంత మంచి శ్రోత లోకంలో లేడన్న నమ్మకం కుదిరింది.

అందుకని రేపుగారు పథకం వేశారు. కారుకు రెండు బోల్టులు విప్పి, "అబ్బే, ఇది తేలే పని కాదు," అని పెదవి విరవాలి. ప్రయాణం ఆగిపోతుంది. సోమవారం కారును మెకానిక్ దగ్గరికి తోయించెయ్యాలి. ఈ రోగం పేరు వెనక మెయిన్ సీలు అని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. ఆయిల్ బయటికి రాకుండా ఆపే, అరచేతిలో పట్టే రబ్బరు చుట్టు. అయితే అది ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య, ఫ్లైవీలు అనే ఇనప చక్రం వెనకాల దాక్కుని ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. నమ్మకం కలగడానికి రేపుగారు కొత్త సీలు కూడా కొని జేబులో వేసుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, షెడ్డులో కారు కింద దూరేసరికి పక్కన భార్య చెప్పులు కనిపించాయి.

"నువ్వు స్కూలుకి వెళ్ళలేదా?"

"సెలవు పెట్టాను. మీరింత కష్టపడుతుంటే టార్చి పట్టుకోవద్దూ?"

రెండు బోల్టులు విప్పి రేపుగారు పెదవి విరిచారు.

"తర్వాత?" అంది ఆవిడ.

మరో రెండు విప్పారు.

"తర్వాత?"

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ "తర్వాత"కి జవాబు చెప్పకుండా తప్పించుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ ప్రకారం మధ్యాహ్నానికి పొడవాటి షాఫ్టు ఊడింది, తీగలు ఊడాయి, గేర్‌బాక్సు చుట్టూ బోల్టులన్నీ ఊడాయి. ఆఖరి బోల్టుతో రేపుగారి ధైర్యం కూడా ఊడింది. జాకీ మీద ఆనించిన గేర్‌బాక్సు ఒక్కసారి వెనక్కి జారి, పక్కకి ఒరిగి, ఆయన ప్యాంటు కాలు మీద స్థిరనివాసం ఏర్పరచుకుంది. కాలికి ఏమీ కాలేదు. కానీ అందులో మిగిలిన నూనె అంతా ఆయనకు తలంటు పోసింది.

"కదలకండి!" అని ఆవిడ లోపలికి పరుగెత్తి, పది నిమిషాల తర్వాత కత్తెరతో వచ్చింది. ప్యాంటు మోకాలి దాకా కత్తిరించి భర్తను బయటికి లాగింది.

"కత్తెరకి పది నిమిషాలా?" అన్నారు రేపుగారు, కళ్ళల్లోంచి నూనె తుడుచుకుంటూ.

"అన్నయ్యకి ఫోన్ చేశాను."

"రాలేమని చెప్పావా?" ఆ ఒక్క మాటకి ఆయన నూనె ముఖంలో వెలుగొచ్చింది.

"చెప్పాను. నువ్వే రా అని కూడా చెప్పాను."

"ఆయనొచ్చి ఏం చేస్తాడు!"

"అదేమిటండీ? మాస్టరు ఉద్యోగం రాకముందు ఏడేళ్ళు లారీ గ్యారేజీలో పనిచేశాడుగా. రెండో భాగం అంతా అదే. మీరు వినలేదూ? పేజీ పేజీకీ 'అద్భుతం' అన్నారుగా!"

రేపుగారు మళ్ళీ కళ్ళల్లో నూనె తుడుచుకోవడం మొదలుపెట్టారు.

సాయంత్రం నాలుగింటికి బావగారు బస్సు దిగారు. ఒక చేతిలో పానాల సంచి, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన కట్ట. ఆ కట్ట ఏమిటో రేపుగారు అడగలేదు. పురుగుల మందు సీసా మీద పేరు చదవాల్సిన పనేముంది?

పనిలో మాత్రం బావగారికి వంక పెట్టడానికి లేదు. క్లచ్చు విప్పారు, ఫ్లైవీలు ఊడదీశారు, ఇంజను షాఫ్టుకి గీత పడకుండా పాత సీలును పెకలించి తీశారు. అది ఎండిన అప్పడంలా విరిగింది. రేపుగారు తన వంతు సాయంగా కొత్త సీలును తిరగేసి అందించారు.

"ఈ అంచు ఇంజను వైపుండాలి బావగారూ. తిరగేసి పెడితే లోపల ఉండాల్సిందంతా బయటికొస్తుంది," అన్నారు హెడ్మాస్టరుగారు.

"ఆయన సంగతి అంతేలే అన్నయ్యా," అంది చెల్లెలు.

చుట్టూ సమంగా తట్టి సీలు కూర్చోబెట్టాక, గేర్‌బాక్సు మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. జాకీ బరువు మోస్తుంది, అది ఒరగకుండా ఒక మనిషి కింద పడుకుని రెండు చేతులా పట్టుకోవాలి. ఆ మనిషి ఎవరో ప్రత్యేకంగా చెప్పుకోనక్కర్లేదు. ఆవిడ పానా పుచ్చుకుంది. బావగారు ముక్కాలి పీట వేసుకుని, కళ్ళజోడు సవరించుకుని, కట్ట విప్పారు.

"బోల్టులు బిగించే దాకా కదలకూడదు బావగారూ. ఈలోగా మూడో భాగం అందుకుందాం."

చెవులు మూసుకుందామంటే రెండు చేతులూ గేర్‌బాక్సు మీదున్నాయి. కళ్ళు తెరిచి నిద్రపోదామంటే అది ముక్కుకి జానెడు ఎత్తున వేలాడుతోంది. పెళ్ళైన పాతికేళ్ళలో భార్య ఇంత నిదానంగా పనిచెయ్యడం ఆయన ఎరగరు. ఒక్కో బోల్టు ఒక్కో పెళ్ళిచూపులంత సాగింది. బావగారు మొత్తం నాలుగు సంబంధాలు చూశారు.

"అన్నయ్యా, రెండో సంబంధం మళ్ళీ చదువు. ఈయన 'అద్భుతం' అనలేదు."

"అద్భుతం!" అని కారు కింద నుంచి ఒక ఆర్తనాదం వినపడింది.

మర్నాడు పొద్దున బావగారు తాళం తిప్పగానే ఇంజను పిల్లిలా గురగురలాడింది. పావుగంట నడిపి ఆపారు. రేపుగారు కారు కింద అట్టముక్క పరిచి, బోర్లా పడుకుని, టార్చి వేసి ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికారు. ఆర్నెల్లు ఆగకుండా కారిన కారు, అవసరానికి ఒక్క చుక్క రాల్చలేదు.

"అంత దీక్షగా ఏం చూస్తున్నారు?" అంది ఆవిడ, చేతిలో ప్రయాణం సంచీతో.

"ఏం లేదు... కారడం లేదు కదా అని..."

"లేదు. ఎక్కండి. అన్నయ్య నాలుగో భాగం ఇంటి దగ్గరే మర్చిపోయాడట, వెళ్ళేసరికి ఎలాగూ మూడోది అయిపోతుంది. నేను నడుపుతాను. మీరిద్దరూ వెనక కూర్చోండి."

రేపుగారు మెల్లగా లేచి, అంటుకున్న దుమ్ము దులుపుకున్నారు. "నిజం చెప్పు. నీకు ఎప్పుడు తెలిసింది?"

"మా క్లాసులో పిల్లలు రోజూ చెబుతారు, 'నోట్సు తడిసిపోయింది టీచర్' అని. దాని కోసం నిజంగా తీసుకెళ్ళి బావిలో ముంచినవాణ్ణి మాత్రం మిమ్మల్నే చూశాను."

రేపుగారు వెనక తలుపు తీసుకుని, బావగారి పక్కన సర్దుకుని కూర్చున్నారు.